ఇంజను నోరు

దిబ్బలపాలెం,
18 జూన్ 2024

అన్నయ్యకు,

ఫోను చేస్తే నీకు వినబడదు. నీ కోడలు ఎత్తి, నేను చెప్పినదాంట్లో సగం నీకు చేరవేస్తుంది. అందుకని కవరే కొన్నాను. కవరు వచ్చిందంటే ఏదో జరిగిందని నీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. కంగారు పడకు, అందరం బతికే ఉన్నాం. పోయింది ఇంజను.

వేట నిషేధం పద్నాలుగుతో అయిపోయింది కదా. ఆ సాయంత్రం ఎప్పటిలాగే ఆడవాళ్ళం పడవకు పసుపు రాసి, బొట్లు పెట్టి, అమ్మ చేత ముర్రాట పోయించాం. పసుపు నీళ్ళలో వేపాకు వేసి గంగమ్మకు పోసేదాకా మగవాళ్ళు పడవ దగ్గరికి రాకూడదన్న మా అత్తవారింటి పట్టు నీకు తెలిసిందే. అత్త పోయాక ఇంట్లో పెద్ద ఆడది అమ్మే కాబట్టి ఆ ముంత ఆవిడ చేతికే వచ్చింది. మర్నాడు తెల్లవారుజామున మీ బావ, ఇద్దరు కలాసీలు బయలుదేరారు. ఒడ్డున బాగానే పలికిందట. రెండు మైళ్ళు పోయాక తెల్లటి పొగ కక్కి, దగ్గి, ఆగిపోయింది. మీ బావ ఎంత తిప్పినా లేవలేదు. చివరికి తాడు విసిరి ఒడ్డుకు లాగింది ఎవరనుకున్నావు, మా బావగారు గంగులు పడవే. తాడు విసిరినవాడు ఆయన కొడుకు యుగంధర్.

ఆ యుగంధరే ఇంజను పాడుచేశాడని మీ బావ అంటున్నాడు. మొన్న ఏప్రిల్‌లో పడవ ఎక్కడ నిలపాలన్న దగ్గర అన్నదమ్ములకు మాట మాట పెరిగింది. శుక్రవారం మధ్యాహ్నం యుగంధర్ డబ్బా పట్టుకుని మన పడవ పక్కన తిరిగాడని ఇద్దరు చూశారు. "ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు" అని మీ బావ రోజుకు పదిసార్లు అంటున్నాడు.

ఇంకో సంగతి. పడవ నా పేరు మీద ఉంది, బీమా కూడా. బీమా ఆఫీసులో అడిగితే ఒకటే మాట చెప్పారు. ఇంజను చెడిందంటే రాదు, చెడగొట్టారంటే వస్తుంది. నీ బతుకంతా ఇంజన్లతోనే గడిచింది కదా, ఇది ఏమై ఉంటుందో రాయి. ఈ సీజను పోతే మాకు ఏడాది పోయినట్టే.

అమ్మ నిన్ను అడిగింది. కొత్తవలసలో సముద్రం ఇప్పటికైనా కనబడుతుందేమో కనుక్కోమంది.

కవరు నిండిపోయింది,
దేవి

*

కొత్తవలస,
23 జూన్ 2024

దేవీ,

ముందు ఇది చదివి, మిగతాది తరవాత చదువు. ఇంజను తిప్పకండి. మీ ఆయన ఈపాటికి వందసార్లు తిప్పి ఉంటాడు, అయినా ఇకమీదట తిప్పనివ్వకు.

తెల్లపొగ, దగ్గు, ఆగిపోవడం అంటే డీజిల్లో నీళ్ళు. నీళ్ళు బరువు కాబట్టి ట్యాంకు అడుగున పడి ఉంటాయి. ఒడ్డున పడవ కదలనంతసేపూ అవి జోలికి రావు, అలల మీద ఊగేసరికి కలిసిపోయి పంపులోకి దూరతాయి. నాజిళ్ళు పోయి ఉంటాయి, పంపు పట్టేసి ఉంటుంది. బంకులో కల్తీ అనుకోవడానికి లేదు, మీ ఒడ్డున అందరూ పోసుకునేది అదే డీజిల్ కదా, గంగులు పడవ బాగానే తిరిగి మీ పడవను లాగిందని నీ రాతలోనే ఉంది. ఇంజనే ఆగిపోయేన్ని నీళ్ళు మూత బిగించిన ట్యాంకులోకి వాటంతట అవి రావు. ఇది మనిషి చేసిన పనే. అనుమానం లేదు.

అయినా చూడకుండా చెప్పకూడదు. ట్యాంకు అడుగు నుంచి ఒక సీసాడు తీసి, ఫిల్టరు ఊడదీసి గుడ్డలో చుట్టి, ఎవరైనా ఇటు వస్తుంటే పంపు.

సముద్రం కనబడదు గానీ, కిరండూల్ వైపు నుంచి వచ్చే ఇనుపరాయి రైళ్ళు మంచం కోళ్ళలోంచి తెలుస్తాయని అమ్మకు చెప్పు. చెవులు పోయినా ఏ రైలు బరువుతో వస్తోందో, ఏది ఖాళీగా పోతోందో చెప్పగలను. నా కొడుక్కి ఇది గొప్పగా తోచదు.

అమ్మ అన్నం సరిగా తింటోందా? బావ కోపాన్ని ఉప్పు నీళ్ళలో నానబెట్టు.

నాగబాబు

*

దిబ్బలపాలెం,
1 జూలై 2024

అన్నయ్యకు,

నీ ఉత్తరం బాగా పనికొచ్చింది. మీ బావ దాన్ని ఠాణాకు తీసుకుపోయి ఎస్సైగారికి చదివి వినిపించాడు. "ముప్పై ఏళ్ళు ఇంజన్లు విప్పినోడండీ మా బావ, మనిషి సేసిన పనే, అనుమానం లేదని రాసినాడు" అన్నాడట. ఆయన జిరాక్సు తీయించి ఫిర్యాదుకు జతచేసుకున్నాడు. అనుమానితుడి పేరు చోట యుగంధర్ అని రాశారు.

బీమా సర్వేయరు వచ్చాడు, పేరు దేవేంద్ర. బూట్లలోకి ఇసుక పోతుందని పడవ దాకా రావడానికి ఇబ్బంది పడ్డాడు. నాలుగు వైపులా ఫొటోలు తీసుకుని, నెలాఖరులోగా ఎఫ్.ఐ.ఆర్. కాపీ పంపకపోతే దస్త్రం మూసేస్తానన్నాడు. ఎస్సై మాత్రం ఇంకా ఎఫ్.ఐ.ఆర్. కట్టలేదు. దానికి కారణం ఉంది. యుగంధర్ కానిస్టేబుల్ పరీక్ష రాసి, పరుగు కూడా నెగ్గాడు. ఇక ఠాణా నుంచి వాడి నడవడి మీద ఒక కాగితం పోవడమే మిగిలింది. కేసు కడితే ఆ కాగితం పోదు, వాడి ఉద్యోగం పోతుంది. ఇప్పటికి రెండుసార్లు పిలిపించి కూర్చోబెట్టారు. డబ్బాలో వాళ్ళ పడవకు డీజిల్ తీసుకుపోయానని వాడు అంటున్నాడు.

నిన్న యారాలు అసిరమ్మ, అదే యుగంధర్ తల్లి, వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు, గుమ్మం బయటే నిలబడి, "మా ఓడు తాడే ఇసిరినాడు, దేవీ" అని వెళ్ళిపోయింది. నాకు బాధ కలగలేదని చెప్పను. కానీ ఆ బాధ చూసుకుంటూ కూర్చుంటే మా సీజను పోతుంది.

అమ్మకు ఠాణా సంగతి చెప్పలేదు. ఆవిడ లెక్క వేరు. గంగమ్మకు ఏదో తక్కువ చేశాం కాబట్టే ఇలా అయిందని పూటపూటా దణ్ణం పెడుతోంది. అన్నం బాగానే తింటోంది.

సీసా, ఫిల్టరు చేపలమ్మే యమున చేత పంపుతున్నాను. చీపురుపల్లిలో రైలెక్కి ఎల్లుండికల్లా నీ దగ్గరికి వస్తుంది. ఆమెకు టీ ఇప్పించు.

నీ రాత ఠాణా దాకా ఎక్కినందుకు సంతోషించు,
దేవి

*

కొత్తవలస,
6 జూలై 2024

దేవీ,

సంతోషించలేదు. నేను రాసింది నీకు. ఠాణాకు కాదు. కళ్ళతో చూడకుండా రాసినదాన్ని మీ ఆయన వేదం చేసి కూర్చున్నాడు. యుగంధర్ రెండు వేసవులు నా దగ్గర నాజిళ్ళు కడిగాడు. వాడికి ఇంజను చెడగొట్టాలని ఉంటే ఇంతకంటే నేర్పుగా చెడగొడతాడు. నా పాఠం అంత తక్కువది కాదు.

సీసా అందింది. యమునకు టీ, బజ్జీ రెండూ ఇప్పించాను.

సీసా రాత్రంతా కదలకుండా పెట్టాను. పైన డీజిల్, కింద మూడు వేళ్ళ ఎత్తున నీళ్ళు, దాని కింద పచ్చగా మడ్డి. ఫిల్టరు కాగితం కూడా పచ్చబారి ఉంది. తుప్పు ఎర్రగా ఉంటుంది గానీ పచ్చగా ఉండదు. కొంచెం తడిపి బట్టల సబ్బు రుద్దాను. ఎర్రగా తిరిగింది. ఇలా ఏది తిరుగుతుందో నాకంటే మీ ఆడవాళ్ళకే బాగా తెలుసు. ఫిల్టరు మడతలో ఇంకొకటి దొరికింది. గోరంత ఆకుముక్క, అంచు రంపంలా ఉంది. నోట్లో వేసుకున్నాను. చేదు ఇంకా పోలేదు.

ఈసారి ముర్రాట ఎక్కడ పోశారు? అమ్మను అడుగు. గదమాయించి కాదు, మామూలుగా.

తొందరపడి రాసినందుకు తిట్టుకుంటున్న
నాగబాబు

*

దిబ్బలపాలెం,
11 జూలై 2024

అన్నయ్యకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి బియ్యం డబ్బాలో అడుక్కు తోసేశాను. మీ బావకు చూపించలేదు.

నువ్వు ఎవరి వైపో నాకు అర్థమైంది. రెండు వేసవులు నాజిళ్ళు కడిగాడని వాడు నీకు కొడుకైపోయాడు, ఇక్కడున్న మేము పరాయివాళ్ళం. లేకపోతే డెబ్బై ఆరేళ్ళ అమ్మ మీదికి నేరం తోస్తావా? పసుపు మా ఇంట్లోనే ఉంటుందా? అసిరమ్మ ఇంట్లో ఉండదా? వేపచెట్టుకు తాళం వేశామా? ఎవడైనా తెలివైనవాడు నింద మన ఇంటి మీదకే రావాలని ఆ నీళ్ళే పోసి ఉండొచ్చు. నువ్వేగా అన్నావు, వాడికి నేర్పు ఉందని.

అమ్మ పోసిందని తేలితే ఏమవుతుందో నీకు తెలుసా? దేవేంద్రను ఊరికే అడిగినట్టు అడిగాను. ఇంటివాళ్ళ చేతి తప్పు అయితే ఒక్క రూపాయి రాదట. మీ బావ ఇప్పుడు పక్క ఊరి పడవ మీద కూలీగా పోతున్నాడు. పదిహేనేళ్ళు సొంత పడవకు చుక్కాని పట్టినవాడు ఇంకొకడి వల లాగి వచ్చి, గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. అది నువ్వు చూడటం లేదు.

నేను అమ్మను అడగను.

దేవి

*

కొత్తవలస,
16 జూలై 2024

చెల్లెమ్మా,

నేను ఏది రాసినా సాక్ష్యం అవుతోంది కాబట్టి ఈసారి తక్కువ రాస్తాను.

నువ్వన్నట్టు ఎవడో తెలివైనవాడే పోసి ఉండొచ్చు. ఆ మాట నిజమైతే అమ్మను అడగడానికి నీకు భయమెందుకు?

బావ గోడవైపు తిరిగి పడుకుంటున్నాడని రాశావు. చదివి నాకు అన్నం సయించలేదు. ఆ ఇంజను కొన్ననాడు విశాఖ నుంచి లారీలో దాని పక్కనే కూర్చుని వచ్చినవాణ్ణి నేను. నాకూ అది చచ్చిపోయినట్టే ఉంది. కానీ యుగంధర్ పేరు ఒకసారి ఆ పుస్తకంలోకి ఎక్కితే, దాన్ని విప్పి బాగుచేసే మెకానిక్కు ఎక్కడా లేడు.

అడిగి రాయి. ఏది వచ్చినా ఈసారి ఇద్దరమే చదువుదాం.

నాగబాబు

*

దిబ్బలపాలెం,
22 జూలై 2024

అన్నయ్యా,

అడిగాను.

చేపలు శుభ్రం చేస్తూ, ఏదో మాటల్లో మాటగా, ముర్రాట ఎక్కడ పోశావే అన్నాను. దాచుకోవాల్సిన సంగతి అని ఆవిడకు తెలియదు కదా, తల కూడా ఎత్తలేదు. "ఇంజను నోట్లో పోసినాను. మరెక్కడ పోస్తారు?" అంది.

కత్తిపీట పక్కన పెట్టి, దానికి నోరేమిటి అని అడిగాను. అమ్మ నవ్వింది. నీకు గుర్తులేదేమో గానీ అన్నయ్యా, ఆవిడకు అక్షరం అక్షరం గుర్తుంది. నాలుగేళ్ళ కిందట ఇంజను బిగించిన రోజున అమ్మ ముంత పట్టుకుని నిలబడి, చెక్క తెప్పకైతే ముక్కు మీద పోసేవాళ్ళం, దీనికి ఎక్కడ పోయాలి అని నిన్ను అడిగిందట. నువ్వు ట్యాంకు మూత తిప్పి చూపించి, "ఇదేనే అమ్మా దీని నోరు. ఇందులో పోస్తేనే కదుల్తాది" అన్నావట. చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారట. వాళ్ళు సంతోషించి నవ్వారని అమ్మ అనుకుంది.

ఆ ఏడాది నుంచి ఏటా, మేము కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకునేటప్పుడు, అందులో ఒక ఉద్ధరిణెడు పోస్తోంది. ఆ మాత్రం నీళ్ళు నీ ఫిల్టరు తాగేసిందేమో. మరి ఈసారి ఎందుకిలా అయిందని అడిగాను. నిరుడంతా వేట సరిగా సాగలేదు, ఇంజను కూడా మొరాయించింది, అల్లుడు దిగులుపడ్డాడు కదా అంది. "ఏటేటా నాలిక తడిపితే ఏటి సాలతాది దానికి? ఈ యేడు ముంత ముంతా కడుపునిండా పోసీసినాను" అంది. తరవాత, ఎందుకు అడుగుతున్నావే అని నా మొహంలోకి చూసింది. ఊరికే అన్నాను.

ఇదీ సంగతి. మీ బావకు చెప్పలేదు. వచ్చే సోమవారం ఎఫ్.ఐ.ఆర్. కట్టేస్తామని ఠాణా నుంచి కబురొచ్చింది, ఆయన హుషారుగా ఉన్నాడు. నేను నోరు మూసుకుంటే ఇంజను వస్తుంది, యుగంధర్ పోతాడు. నోరు తెరిస్తే ఇంజను పోతుంది, తాను ఏం చేసిందో అమ్మకు తెలుస్తుంది. నీతో పోట్లాడిన ఉత్తరం చింపేయి. ఏం చెయ్యమంటావో వెంటనే రాయి. నాకు ఒక్కదానికి ఇది మొయ్యరానిదిగా ఉంది.

నీ చెల్లెలు

*

కొత్తవలస,
25 జూలై 2024
(స్పీడ్ పోస్టు)

దేవీ,

గుర్తొచ్చింది. ఆ రోజు ఎండ, నా చేతిలో పదిహేడో నంబరు పానా, అమ్మ చేతిలో ముంత, అంతా గుర్తొచ్చింది. అందరూ చూస్తుంటే గొప్ప కోసం వేళాకోళమాడాను. మెకానిక్కు మాట అని అమ్మ నమ్మింది. నేను చూడకుండా రాసిన మాటను మీ ఆయన ఠాణాకు మోసుకుపోయినట్టే, అమ్మ ఆ మాటను నాలుగేళ్ళు మోసుకు తిరిగింది. ఎవరినీ అనడానికి లేదు. నాకు సిగ్గుగా ఉంది.

ఈ కవరులో ఇంకో కాగితం పెట్టాను, ఎస్సైగారి పేరు మీద. నా మొదటి అభిప్రాయం తప్పని, ట్యాంకులో పడింది పూజనీళ్ళని, అక్కడ పొయ్యమని చూపించింది నేనేనని, దురుద్దేశం ఎవరికీ లేదని రాసి సంతకం చేశాను. నా మొదటి ఉత్తరాన్ని నమ్మినవాళ్ళు రెండోదాన్నీ నమ్మాలి కదా. సోమవారం లోపల ఇచ్చెయ్యి. బావకు ముందు నువ్వే చెప్పు, అరిస్తే నా పేరు చెప్పి అరవమను. ఎంత అరిచినా నాకు వినబడదు.

అమ్మకు మాత్రం ఇంజను పాతబడి చెడిందని చెప్పు. పోసింది మంచిపనే అనుకుని ఉండనీ.

ఇంజను నేను బాగుచేస్తాను. పంపు, నాజిళ్ళు ఇక్కడ పాతవి దొరుకుతాయి. వినబడకపోతే ఏం, చెయ్యి ఆనిస్తే ఏ సిలిండరు పనిచెయ్యడం లేదో తెలుస్తుంది. వచ్చే గురువారం బయలుదేరతాను.

నాగబాబు

*

దిబ్బలపాలెం,
30 జూలై 2024
(స్పీడ్ పోస్టు)

అన్నయ్యకు,

నీ కవరు శనివారం అందింది. ఒక్క రోజు ఆలస్యమైంది.

గురువారం అసిరమ్మ మళ్ళీ గుమ్మం బయట నిలబడింది. నేను నీళ్ళకు వెళ్ళాను. ఏమైందని అమ్మ అడిగితే ఆమె అంతా చెప్పింది, డీజిల్ ట్యాంకులో నీళ్ళు పోసి ఇంజను చెడగొట్టాడని యుగంధర్‌ను ఠాణాకు తిప్పుతున్నారని, మేము నెలరోజులు దాచినదంతా. నేను బిందె దించేసరికి అమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. "నానే సంపీసినానా దాన్ని?" అంది. అబద్ధం ఆడదామనుకునేలోపే నా మొహం చూసి తనే తల ఊపింది. ఏడవలేదు. నేనే ఏడ్చాను.

శుక్రవారం నేను లేచేసరికి అమ్మ లేదు. అసిరమ్మను వెంటబెట్టుకుని ఆటోలో ఠాణాకు వెళ్ళింది. చేతిలో ఆ ముర్రాట ముంత. ఆ ముంతను ఎస్సై బల్ల మీద పెట్టి, "పోసింది నాను. మా ఓడి పేరు కొట్టీ బాబూ" అందట. ఆయనకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, డీజిల్ ట్యాంకులో పొయ్యమని నీకు ఎవరు చెప్పారమ్మా అని అడిగాడట. చెప్పినవాళ్ళది కూడా తప్పే, పేరు రాసుకుంటాను అన్నాడట. అది ఆయన సరదాకు అన్నాడో నిజంగానే అన్నాడో అసిరమ్మ చెప్పలేకపోయింది. అమ్మ మాత్రం నిజమే అనుకుంది.

"ఎవులూ సెప్పలేదు. నాకే తోసింది" అందట. అదే రాయించుకుని వేలిముద్ర వేసింది.

ఫిర్యాదు తీసేశారు. యుగంధర్ కాగితం నిన్న వెళ్ళిపోయింది. నా కాళ్ళకు దణ్ణం పెట్టడానికి వచ్చాడు, నేను పెట్టనివ్వలేదు. బీమా వాళ్ళు దస్త్రం మూసేశామని ఫోనులోనే రెండు ముక్కల్లో చెప్పేశారు. మీ బావ అమ్మతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు కవళ్ళ చేపలు తెచ్చి ఆవిడ ముందు పెట్టి, "ముళ్ళు సూసుకుని తిను, అత్తా" అన్నాడు. అంతే. ఇంజను లేచేదాకా తమ పడవ మీదకు రమ్మని గంగులు బావగారు కబురు పెట్టారు. ఈయన ఇంకా వెళ్ళలేదు గానీ, వెళ్ళననీ అనలేదు.

నువ్వు ఎస్సైగారికి రాసిన కాగితం నేను ఇవ్వలేదు. అది ఇస్తే అమ్మ అబద్ధం చెప్పినట్టవుతుంది. బియ్యం డబ్బాలో ఉంది, నువ్వు వచ్చి నీ చేత్తోనే చింపేయి.

గురువారం రైలుకు చీపురుపల్లిలో దిగు, మీ బావ వస్తాడు. నాజిళ్ళు జాగ్రత్త. నీ కోడలికి ఇవన్నీ చెప్పకు.

అమ్మ ఒక మాట రాయమంది. ఆవిడ చెప్పినట్టే రాస్తున్నాను. నువ్వు ఇంజను బాగుచేశాక ఈసారి ముర్రాట ఎక్కడ పోయాలో నువ్వే సూపించాలట. నువ్వు సెప్పినకాడే పోస్తాదట.

దేవి